బీర పందిరి వెనక నక్షత్ర గుచ్ఛం

మందమర్రిలో మా చర్చికి వచ్చేవాళ్లు ఇప్పటికీ నేను కనిపిస్తే ఒకసారి దక్షిణం వైపు కిటికీని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు, ఆ తర్వాత దగ్గు వచ్చినట్టు నటిస్తారు. ఊరంతటికీ ఒకేసారి అంటుకున్న ఆ దగ్గుకు కారణం బొగ్గు దుమ్ము కాదు, నేను. లక్షల నక్షత్రాలను ఒక్క ఫొటోలో పట్టబోయి నా పరువును పదడుగుల ఫ్లెక్సీ మీద అచ్చు వేయించుకున్న వైనం చెబుతాను. జాలి పడకండి. ఆ స్టాకు మా అవ్వ దగ్గరే బోలెడు ఉంది.

అప్పుడు నాకు డిగ్రీ అయిపోయింది. తెలియని విషయమంటూ ఒక్కటీ మిగలని వయసు. పేరు సామ్యేలు, ఇంటా బయటా సామి. పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఒక టెలిస్కోపు తెప్పించుకున్నాను. అది మా పెరట్లో బట్టల తీగకూ జామచెట్టుకూ మధ్య నిలబడి, ఆకాశం కన్నా మా ఇంటి లుంగీలనే ఎక్కువగా పరిశీలిస్తూ ఉండేది.

నా కన్ను చర్చి డాబా మీది గదిపై ఉండేది. విరిగిన బెంచీలు తప్ప అందులో ఏమీ లేవు. చుట్టూ చెట్లు లేవు, లుంగీలు అసలే లేవు. ఆ గది నాకిస్తే సంఘం యువకులందరికీ ఆకాశం చూపిస్తానని అయ్యగారిని అడిగాను. అయ్యగారంటే మా పాస్టరుగారు. ఎవరినీ కాదనలేని మనిషి, అందుకే ప్రతి నిర్ణయాన్నీ కమిటీ మీదికి నెట్టేస్తారు.

"ఒక మంచి ఫొటో తీయి సామీ. వేసవి బైబిలు బడి ఆఖరు రోజు స్టేజీ వెనక కడదాం. కమిటీ మెచ్చితే గది నీదే" అన్నారు.

కమిటీలో చాలామంది ఉన్నారు కానీ, కమిటీ అంటే సుగుణత్త. మా పక్కింటావిడ, స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆవిడ తల ఊపితే మిగతా తలలు గాలికి జొన్న కంకుల్లా ఊగుతాయి. అంటే నేను మెప్పించాల్సింది ఒక్క మనిషినే. ఆ ఒక్క మనిషి మెప్పు కోసం నేను చేసిన మొదటి పని, ఆవిడ బీర పందిరి పీకేయడం.

తొందరపడి తిట్టుకోకండి, శాస్త్రీయమైన కారణం ఉంది. నేను తీయదలచింది ఒమేగా సెంటారి అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం. లక్షల నక్షత్రాలు గుండ్రంగా గుమిగూడి, నడుమ కిక్కిరిసి, అంచుల్లో పలచబడి ఉంటాయి. బోనసు ప్రకటించిన రోజు మా బొగ్గు గని క్యాంటీన్ కౌంటరును ఎత్తు మీద నుంచి చూస్తే అచ్చం అలాగే ఉంటుంది. ఎండాకాలం రాత్రి భోజనాల వేళకు అది మాకు దక్షిణాన కాస్త కిందుగా కనిపించాలి. మాకు దక్షిణాన ఉన్నది సుగుణత్త పెరడు. ఆ పెరటి చివర గోడ పొడవునా బీర పందిరి, దాని తీగలు నేలదాకా తెరలా దిగి ఉండేవి.

వెళ్లి విషయం చెప్పాను. అత్త బీరకాయలు కోస్తూ వింది.

"పందిరి తీస్తె మా వంటింట్లకు గా వెల్తురు..." అని మొదలుపెట్టింది.

"ఎండ గురించి ఫికర్ చెయ్యకు అత్తా. ఫొటో అయినంక నేనే మళ్ల కట్టిస్త."

"ఎండ గాదురా, నేను చెప్పేది జర ఇను. గా పందిరి నేను ఎందుకేసిన్నంటే..."

"బీరకాయల కోసం. తెల్వదా నాకు? అత్తా, వేల ఏండ్ల కింద బయలెల్లిన వెల్తురు ఇయ్యాల మన పెరట్లకు వస్తుంది. దానికి నీ బీరకాయ అడ్డం పడుడు బాగుంటదా చెప్పు."

అత్త నన్ను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత కత్తిపీట పక్కన పెట్టి, "సరే బిడ్డా, పీక్కో. మల్ల నన్ను అనొద్దు" అంది. ఆ చివరి మాటలో ఎంత ఓపికగల ఆనందం దాగి ఉందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

తీగలూ కర్రలూ పీకడానికి నాకు ఒక పూట పట్టింది. సాయంత్రం చీకటి పడ్డాక టెలిస్కోపు దక్షిణానికి తిప్పాను. ఉంది. సరిగ్గా దక్షిణాన, కిందుగా, మసకమసకగా, గుండ్రంగా ఒక కాంతి ముద్ద. ఫోనులోని ఆకాశపటం మాత్రం ఇంకా చాలా పైకి చూడమంటోంది. టెలిస్కోపు స్టాండు ఇనుము దగ్గర ఫోనుకు మతి తప్పుతుందని నాకు తెలుసు కనుక ఫోనును క్షమించి జేబులో పెట్టాను.

భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలు నెమ్మదిగా జరుగుతాయి. వాటితోపాటు టెలిస్కోపును తిప్పడానికి ఒక మోటరు ఉంటుంది. దానికి బాపు బండి బ్యాటరీ తెచ్చి పెట్టాను. బాపు, అంటే మా నాన్న, అండర్‌గ్రౌండ్ గనిలో పని చేస్తాడు. ఆ రోజు మొదటి షిఫ్టు దిగి వచ్చి, తిని, మంచం మీద కూర్చుని నా విజ్ఞానాన్ని చూస్తున్నాడు.

"మోటరు సప్పుడైతలేదేందిరా?" అన్నాడు.

"మంచి మోటరు సప్పుడు చెయ్యదు బాపూ."

"మరి గా వైరు కింద వడి ఉన్నదేంది?"

"అది వేరే వైరు."

అది వేరే వైరు కాదు. ఆ సంగతి మీకు ఇప్పుడే తెలిసింది. నాకు తెలియడానికి ఇంకో వారం ఉంది.

గంటసేపు ఫొటోల మీద ఫొటోలు తీశాను. గుచ్ఛం ఫ్రేము మధ్యలోంచి వెంట్రుకంత కూడా జరగలేదు. ఎంత బాగా అమర్చితే ఇలా కుదురుతుందో ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది. నా భుజం నేనే తట్టుకున్నాను. ఇలాంటి సందర్భాల్లో చెయ్యి భుజానికి భలే సులువుగా అందుతుంది.

తర్వాత ఆ ఫొటోలన్నిటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాను. అలా చేస్తే ఒక్కో ఫొటోలోని వెలుగంతా కలిసి ఒకే బొమ్మ అవుతుంది. అయింది. విడి ఫొటోలో పట్టుమని పది చుక్కలైనా లేనిచోట, పేర్చేసరికి వేల చుక్కలు. నడుమ కిక్కిరిసి, అంచుల్లో పలచగా, కుడి పక్కన కొంచెం పైన ఒక ఎర్ర చుక్క. మూలల్లో కొన్ని నక్షత్రాలు గీతల్లా సాగి ఉన్నాయి. వాటి పద్ధతి బాగాలేదని కత్తిరించేశాను. ఫొటో అయ్యగారికి తెగ నచ్చింది. ఫ్లెక్సీకి ఆయనే పురమాయించారు.

వేసవి బడి ఆఖరు రోజు చీకటి పడే వేళకు చర్చి నిండిపోయింది. స్టేజీ వెనక పదడుగుల ఒమేగా సెంటారి. ముందు వరుసలో కమిటీ, కమిటీ నడుమ సుగుణత్త. వెనక బెంచీల నిండా షిఫ్టు దిగి వచ్చిన గని కార్మికులు. అయ్యగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను నాలుగు వందలు చెప్పాను. ముఖ్యంగా ఆ ఎర్ర చుక్క గురించి: అది ముసలి నక్షత్రమనీ, ఆఖరి దశలో ఉబ్బి ఎర్రబడిందనీ, దాని ముందు మనిషి ఎంత అల్పుడో ఆలోచించమనీ. మా అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వెనక బెంచీల్లో మాత్రం గనిలో డంపరు లారీలు నడిపే నలుగురు ఫ్లెక్సీ వైపు తలలు అటు వంచి, ఇటు వంచి, ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుంటున్నారు. భక్తి అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

చర్చి అంతా చీకటి. ఫ్లెక్సీ మాయమైంది. ఫ్యాన్లు ఆగాయి కనుక అందరూ గాలి కోసం దక్షిణం కిటికీల వైపు తిరిగారు. గని కరెంటు వేరు, అది పోదు. కిటికీలోంచి చూస్తే, ఊరి చివర ఓపెన్‌కాస్టు గనిలో తవ్విన మట్టి పోసే గుట్ట చీకట్లో కనబడడం లేదు, దాని మీది దీపాలు మాత్రం కనిపిస్తున్నాయి. గుండ్రంగా, నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా. కుడి పక్కన కొంచెం పైన ఒక ఎర్ర దీపం.

చీకట్లో సుగుణత్త గొంతు, ప్రార్థన చదివినంత ప్రశాంతంగా వినిపించింది.

"సామీ, నీ ఫొటో కిటికీల కనవడుతుందిరా."

నేను ఇంకా లొంగలేదు. ఏదో పోలిక ఉంటే ఉండవచ్చనీ, విశ్వంలో పోలికలు సహజమనీ చెప్పబోయాను. ఇంతలో గుచ్ఛం నడుమ ఉన్న ఒక నక్షత్రం కదిలింది. మెల్లగా వెనక్కి జరిగింది. గాలి అటునుంచే వీస్తోంది కనుక, డంపరు వెనక్కి వచ్చేటప్పుడు కొట్టే కీ కీ చప్పుడు చర్చి అంతా స్పష్టంగా వినబడింది.

"జరుగుర్రి," అన్నారెవరో వెనక బెంచీలోంచి, "నక్షత్రం రివర్సు తీస్కుంటుంది."

ఆ తర్వాత ఏం జరిగిందో వర్ణించను. దేవుని మందిరంలో అంత నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. అయ్యగారు అందరినీ ఆగమని చేతులెత్తారు, కానీ నవ్వు ఆపుకోలేక ఆ చేతులతోనే మొహం కప్పుకున్నారు. నా వేల నక్షత్రాల లెక్క కూడా అప్పుడే తేలింది. నాలుగు డంపర్లు గంటసేపు మట్టి పోస్తూ తిరిగితే, ప్రతి ఫొటోలో వాటి లైట్లు ఒక కొత్త చోట పడ్డాయి. అవన్నీ పేర్చి నేనే ఒక విశ్వాన్ని సృష్టించాను. మూలల్లో గీతల్లా సాగాయని నేను కత్తిరించేసినవే అసలు నక్షత్రాలు. మోటరు తిరగలేదు కాబట్టి టెలిస్కోపు కదలలేదు, గుట్టా కదలలేదు. గుట్టలు కదలవని చిన్నప్పుడే చదువుకున్నాను, పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి.

కరెంటు వచ్చేసరికి అత్త నా ఎదురుగా నిలబడి ఉంది.

"గా పందిరి ఎందుకేసిన్నో ఇప్పుడన్న అడుగుతవా?"

నేను ఫ్లెక్సీ తాళ్లు విప్పే పనిలో పడ్డాను. అయినా చెప్పింది.

"గా గుట్ట లైట్లు రాత్రంత మా వంటింట్ల కొడ్తున్నయని ఏసిన. కండ్లు గుంజుతున్నయని. నువ్వేమో వేల ఏండ్ల కింద బయలెల్లిన వెల్తురంటివి. అది సెకండ్ షిఫ్టుల బయలెల్లిన వెల్తురు బిడ్డా."

బాపు నా పక్కకు వచ్చి, మెల్లగా, "గా వైరు..." అన్నాడు.

"తెలిసింది బాపూ" అన్నాను.

కమిటీ మరునాడు కూర్చుంది. నేను గది మీద ఆశ వదిలేసి బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపల చాలాసేపు నవ్వులు, తర్వాత సుగుణత్త మాట.

"ఇయ్యుర్రి గది. పోరడు కష్టపడ్డడు, అబద్ధమైతె ఆడలే. కింద పెరట్ల ఉంటె లైట్లనే చూస్తడు, మీదికి పోతెనన్న ఆకాశం చూస్తడేమో."

లోపల తలలన్నీ ఊగే ఉంటాయి. అలా వచ్చింది నాకు ఆ గది. వైరు తగిలించి, ఫోను చెప్పినంత పైకి తిప్పి, ఈసారి అసలు ఒమేగా సెంటారినే పట్టాను. చెమట పట్టిన అద్దం మీద పిండి చల్లినట్టు ఒక మసక మచ్చ వచ్చింది. గర్వంగా తీసుకెళ్లి మొట్టమొదట సుగుణత్తకే చూపించాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూసింది.

"మొదటిదే మంచిగుండెరా" అంది.

మాట మాత్రమే కాదు, ఆవిడ నిజంగానే అలా అనుకుంటోంది. పందిరి కర్రలు నేనే మళ్లీ పాతాను కానీ, బీర తీగ పాకడానికి సమయం పడుతుంది. అందాకా వంటింట్లోకి వెలుగు కొట్టకుండా ఆ కర్రలకు నా ఫ్లెక్సీ కట్టించుకుంది. గుట్ట మీది లైట్లకు అడ్డంగా గుట్ట మీది లైట్ల ఫొటో. అది పందిరి కన్నా బాగా ఆపుతోందట. బీర విత్తనాల మాట ఇప్పుడు ఎత్తడమే లేదు.

కాబట్టి ఆ ఫ్లెక్సీ సాక్షిగా, మా అవ్వ కొంగు సాక్షిగా, కింద పడి ఉన్న వైరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఆడమనిషైనా "ఎందుకేసిన్నంటే" అని మొదలుపెడితే మాట పూర్తయ్యేదాకా నోరు తెరవను. వెనక్కి వస్తూ కీ కీ మనే ఏ వెలుగునూ, అది ఎంత అందంగా ఉన్నా సరే, నక్షత్రం అని పిలవను.