ఒక గడిలో రెండు ఊళ్లు

మా డ్రిల్లు సారు పోయారు. కల్లూరు నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేసి, "అన్న పోయిండమ్మా" అన్నాడు. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. ఇంకా ఎంతో కొట్లాట మిగిలి ఉండగా, ఇప్పుడే పోతారా?

చర్ల దగ్గర మా ఆశ్రమ పాఠశాలలో ఆయన హాకీ నేర్పారు. స్టిక్కులు చాలకపోతే వంపు కొమ్మలు ఏరుకొచ్చి చెక్కించేవారు. వానైనా ఎండైనా, ఎవరు ఆటకొచ్చారో నోటుబుక్కులో రాశాకే చాయ్ తాగేవారు. గ్రౌండ్‌లో సున్నం గీతలు తనే పోసేవారు. "గీత ఆటకు గీయాలె బిడ్డా, మనిషికి గీయొద్దు" అనేవారు. ఆ మాటకు అర్థం నాకు ఖమ్మంలో తెలిసింది.

మా నాన్నది చర్ల వైపు గూడెం. అమ్మది సరిహద్దు అవతల, అప్పుడే కొత్తగా ఛత్తీస్‌గఢ్ అయిన వైపు ఊరు. ఏడో తరగతి దాకా అమ్మమ్మ దగ్గరే చదివి, అక్కడి బడి తరఫున టోర్నమెంటు కూడా ఆడాను. ఇక్కడికొచ్చిన మరుసటి ఏడు సారు వెంట ఖమ్మంలో రాష్ట్ర జట్టు ఎంపికకు వెళ్తే, బల్ల దగ్గర కూర్చున్నాయన "ఊరేది?" అన్నాడు. మాలో ఊరడిగితే తండ్రి ఊరు, తల్లి ఊరు రెండూ చెప్పాలి. ఒక్కటే చెబితే మేనమామలను తీసిపారేసినట్టే. రెండూ చెప్పాను. అవతల ఆడిన సంగతి కూడా గొప్పగా చెప్పాను. ఆయన పెన్ను ఆగిపోయింది.

"వేరే రాష్ట్రం పిల్ల గదా సార్! ఆ ఊరు, ఆ ఆట రాయకుండ్రి. పని అయిపోతది."

సారు నా వైపు తిరిగారు. "నీ ఊరు బిడ్డా. నువ్వే చెప్పాలె."

"మా మామలకు ఏం జెప్పాలె సారూ?"

"అయితే రెండూ రాస్తం."

"రాస్తే టీంల ఉండదు" అన్నాడాయన.

"ఉండకపోనీ" అన్నారు సారు.

జట్టు నేను లేకుండానే వెళ్లింది. సారపాక దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. సారు పల్లీల పొట్లం నా ఒళ్లో పెట్టి, "ఏడువు. రేపు పొద్దుగాల ఆరింటికి గ్రౌండ్ల ఉండు" అన్నారు.

నెల తిరక్కుండా భద్రాచలం ఇంటర్నెట్ దుకాణం నుంచి ఒక కాగితం పట్టుకొచ్చారు. "మంచు మీద ఆడే హాకీ అంట. రెండు దేశాలోళ్లు గూడ ఆడొచ్చు. కొత్త దేశంల రెండేండ్లు ఇడువకుండ ఆడాలె, గంతే. అమ్మ దేశం మర్చిపొమ్మని ఎవడూ అంటలేడు."

"మనకాడ మంచేడిది సారూ?" అని నవ్వాను.

"సారపాకల ఐసు పుల్లలు అమ్ముతరు గదా, గది చాలు."

మరుసటి ఏడాది ఆ కాగితం, నా రెండేళ్ల హాజరు రాసిన నోటుబుక్కు పట్టుకుని అదే బల్ల ముందు నిలబడ్డారు. "మంచు హాకీ రూలు నాకెందుకు సార్?" అని ఆయన విసుక్కున్నాడు. "మీ రూలే చూపియ్యుండ్రి మరి. ఒక్క ఊరే రాయాలని ఎక్కడుంది?" అన్నారు సారు. ఆయన ఫైళ్లన్నీ తిరగేశాడు. ఎక్కడా లేదు. సారు జేబులోంచి స్కేలు తీసి ఊరు గడికి అడ్డంగా గీత గీశారు. పైన నాన్న ఊరు, కింద అమ్మ ఊరు రాశాను. ఆ ఏడు ఆడాను. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాం, అది వేరే సంగతి. సారు కాళ్లకు మొక్కబోతే, "కాళ్లు ఉరకనీకి, మొక్కనీకి గాదు" అని తిట్టారు.

ఇప్పుడు అదే బడిలో నేను ఆట నేర్పుతున్నాను. సరిహద్దు అవతల నుంచి అడవి దాటొచ్చిన కుటుంబాల పిల్లలు కొందరు నా దగ్గర ఆడుతున్నారు. వాళ్లు మనవాళ్లు కాదని ఆఫీసుల్లో చెప్పేవాళ్లకు కొదవలేదు. సారును సాగనంపి వచ్చిన మర్నాడు వాళ్లలో ఒక పిల్ల ఎంపిక ఫారంతో నా ముందు నిలబడింది.

"ఏ ఊరు రాయాలె మేడం?"

స్కేలు తీసి గడి మధ్యన గీత గీసి ఇచ్చాను. ఫారం తిప్పి పంపితే, మళ్లీ గీసి పంపుతాను. ఎన్నిసార్లయినా సరే. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ, పెన్ను గట్టిగా నొక్కి రెండూ రాసింది. కింది ఊరు పేరు పొడుగుది. చివరి అక్షరం గడి దాటి బయటికొచ్చింది.