రెండో గొంతు

ఈ మాట ముందే రాయలేకపోయాను. అప్పట్లో అక్షరాలు రావు మరి. అరవై దాటాక, బైబిలు చదువుకోవాలని కోడలి దగ్గర దిద్దుకున్నాను. రాకపోవడమే హాయిగా ఉండేదేమో. రాయడం రానిదాన్ని ఎవరు నిలదీస్తారు? ఇప్పుడా సాకు పోయింది. ఏళ్ల తరబడి మోసిన బరువు మీ ముందు దించుతున్నాను.

మా పెద్ద తోటికోడలు సువార్తమ్మ. ఊడ్పుల్లో పాట ఎత్తేది ఆవిడే. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆవిడ స్వరం చీలిపోయి, పాటకు కాస్త కిందుగా, గీరుకున్నట్టు పలికేది. అయినా పాడేది. నేనేం చేశాను? పక్కనే వంగి నాటుతూ, అదే చీలిక గొంతుతో వెక్కిరిస్తూ పాడాను. చేలో ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. ఆ నవ్వు నాకు తియ్యగా ఉంది. మర్నాడూ అదే పని. పాట ఎత్తే చోటు కోసం అంత కసి ఉందా నాలో? ఉంది. ఆవిడ పాడడం మానేసింది, చర్చిలో కూడా. వెక్కిరింత మాత్రం ఆగలేదు; నేను పాట ఎత్తితే, పక్కవాళ్లు ఆ చీలిక గొంతు పట్టేవారు. తర్వాత వచ్చిన కోడళ్లు, ఒకరు పాటా ఒకరు చీలికా, అదే పద్ధతనుకుని నేర్చుకున్నారు.

కొన్నేళ్లకు యూనివర్సిటీ నుంచి ఒక మేడం గారు పాటలు రికార్డు చేసుకోవడానికి వచ్చారు. విని పొంగిపోయారు. క్రొయేషియా అనే దేశంలో, సముద్రం పక్కనున్న ఒక సీమలో, ఇలాగే రెండు గొంతులు ఒరుసుకునేలా పాడతారట. పండితులు దాన్ని ఆ సీమ పేరుతోనే పిలుస్తారట.

"మీదానికీ పేరు పెడదాం. ఎప్పట్నుంచి ఇలా పాడుతున్నారమ్మా?"

"మా అత్తగారి అత్తగారి నాటి నుంచీనండీ, ఆయ్. రెండో గొంతు నేర్పింది ఇదిగో, మా అక్కేనండి," అంటూ గట్టు మీదున్న సువార్తమ్మను చూపించాను.

"అయితే మీరూ పాడండమ్మా."

"అమ్మో, వద్దండీ! ఆవిడ పాడితే గేదెలు తాళ్లు తెంపుకుంటాయండి!"

మళ్లీ నవ్వులు. ఆవిడ పైట కొంగు గొంతుకు చుట్టుకుని గట్టు వెంట వెళ్లిపోయింది.

మొన్న మేడం గారి పుస్తకం మా ఇంటికి వచ్చింది. కూడబలుక్కుని చదివాను. కోనసీమ జంటగొంతు బాణీ అట. తరతరాల సంప్రదాయమట. ఎవరి తరాలు? నా ఒక్కదాని కుళ్లు కాదూ?

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఇంటికి వెళ్లాను. కొబ్బరి కోరుతోంది. ఆ పేజీ చదివి వినిపించాను.

"ఇది నిన్ను ఎక్కిరించడానికి పట్టిన గొంతే అక్కా," అన్నాను.

"అందులో నా పేరుందా?"

"లేదు. నాదుంది."

ఆవిడ కొబ్బరి అయిపోయినా చిప్పను కోరుతూనే ఉంది. చెప్పేశానన్న తేలిక నాకు. పుస్తకం మాత్రం అక్కడ వదల్లేదు. చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.