ఎనిమిదో విస్తరి

నా చిన్నప్పుడు, పదో తరగతిలోకి వచ్చిన ఏడే మా అమ్మ పోయింది. నాన్న నన్ను అల్లవరం దగ్గర మా పెద్దమ్మ ఇంట్లో దింపి వెళ్ళారు. పెదనాన్నగారు అక్కడి హైస్కూల్లో సైన్సు మాష్టారు. వాళ్ళెంత ప్రేమగా చూసినా నేను ఎవరితోనూ కలిసి తినేదాన్ని కాదు. అందరూ లేచాక వంటింట్లో ఓ మూల రెండు ముద్దలు మింగేదాన్ని. మొండిఘటాన్ని, బతిమాలేకొద్దీ బిగుసుకుపోయేదాన్ని. పిల్ల చిక్కి సగమైపోయిందని, చదువు మాన్పించి తీసుకెళ్ళమని నాన్నకు కబురు పెడదామని పెద్దమ్మ దిగులుగా అనేది.

ఒకరోజు క్లాసులో పెదనాన్నగారు సోడియం పరమాణువు బొమ్మ వేశారు. లోపలి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లు, తర్వాతి దాంట్లో ఎనిమిది, అన్నిటికంటే బయట ఒకే ఒక్కటి. ఆ చుక్కను చూడగానే నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకని అడిగితే, అది కూడా నాలాగే మిగిలిపోయింది కదా అన్నాను. పిల్లలు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ ఆదివారం చర్చిలో కోత పండుగ. ఆరాధన అయ్యాక పందిట్లో ప్రేమవిందు. చాపకు ఎనిమిది మంది. చాప నిండితేగాని వడ్డన మొదలుపెట్టకపోవడం మా వాళ్ళ ఆనవాయితీ. నేను మామూలుగానే ఓ గుంజ పక్కన నిలబడ్డాను. నిండిన చాపల మీదివాళ్ళు తలెత్తకుండా తింటున్నారు. చివరి చాప మీద మాత్రం ఏడుగురే ఉన్నారు. ఎనిమిదో విస్తరి ముందు ఒకాయన కూర్చోబోతే పెదనాన్నగారు చెయ్యి పట్టుకుని ఆపేశారు. అన్నం గంపతో వచ్చినాయన అలాగే నిలబడిపోయాడు. ఏడుగురూ నా వైపు చూశారు.

“రామ్మా, నువ్వొస్తేగాని మాకు పెట్టరంట” అంది వాళ్ళలో ఓ ముసలావిడ.

“ఆయ్, అంతేనండి మరి” అన్నారు పెదనాన్నగారు, ఏమీ ఎరగనట్టు.

ఇక తప్పలేదు. వెళ్ళి కూర్చున్నాను. వడ్డన కాగానే ఆవిడ తన విస్తట్లోని మాంసం ముక్క తీసి నాకు వేసింది. ఏడుస్తూనే కడుపునిండా తిన్నాను.

ఇంటికి నడిచి వస్తున్నప్పుడు ఆయన అన్నారు: “నిండిపోయిన కక్ష్యలు ఎవరి జోలికీ వెళ్ళవమ్మా. క్లోరిన్‌కి బయట ఏడే ఉంటాయి, ఇంకొకటి కావాలి. సోడియం దగ్గర ఆ ఒక్కటీ ఉంది. అది వెళ్ళబట్టే మనకు ఉప్పు వచ్చింది. బయటి కక్ష్యలో ఉండే ఆ వేలన్సీ ఎలక్ట్రాన్ అంటే మిగిలిపోయింది కాదు, కలిపేది.”

అమ్మ పోయిన బాధ ఈ వయసుకీ తీరలేదు. కానీ ఒక్కదాన్నే మిగిలిపోయానని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పటికీ ఎక్కడైనా ఎవరైనా విడిగా నిలబడి కనిపిస్తే, అయ్యో పాపం అనను. మాకు ఒకరు తక్కువయ్యారు, రండి అంటాను.