హజ్రా బీ వేలిముద్రలు

భర్త గులాం మొహిద్దీన్ పోయాక నాలుగు నెలల పది రోజులు హజ్రా బీ ఇద్దత్ గడువులో ఉండి గడప దాటలేదు. అది తీరిన మర్నాడే పక్కింటి ఏలియాను తోడు తీసుకుని మాచర్లలో నరసరావుపేట బస్సెక్కింది. దారి పొడవునా మిరప చేలు వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు.

మొహిద్దీన్ సాగర్ కుడి కాలువ మరమ్మతులు చేయించే ఒక కంట్రాక్టరు దగ్గర గుమాస్తా. అది గవర్నమెంటు పని. ఎవరెవరు పనిలోకి దిగారో, ఎవరికెంత ముట్టిందో వారం వారం పట్టీ రాసి, వేలిముద్రలు వేయించి పంపాలి. నెల జీతం వాళ్లయినా సరే, పని దగ్గరున్న ప్రతి మనిషి పేరూ అందులో ఉండాలన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పి నవ్వాడు మొహిద్దీన్.

"నేను నెల జీతగాణ్ణే. తట్ట మోసేవాళ్ల కింద నా పేరు రాసుకుంటానా?"

"రాసుకుంటే ఏంది? పేరేమన్నా అరిగిపోద్దా?" అంది హజ్రా బీ బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"నీకు తెలవదులేవే."

ఆమె ఏరిన రాళ్లు వాకిట్లో పారబోసింది.

కృష్ణ అవతలి నుంచి వచ్చిన ఆడకూలీలు శనివారం కూలి చేతిలో పడగానే లారీ ఎక్కేసేవారు. వాళ్ల ముద్రలు మిగిలిపోయేవి. సోమవారానికి పట్టీ అందాలి. మొహిద్దీన్ సిరా డబ్బా పట్టుకుని పొయ్యి దగ్గరికొచ్చి కూర్చునేవాడు.

"వెయ్యవే. ఇది లచ్చమ్మది. ఇది సైదమ్మది."

"ఈ వారం నేను ఎంతమందినయ్యా?"

"ఏడుగురివి."

"అయితే ఏడుగురికి సరిపడా కూర తే."

ముద్రలయ్యాక సిరా వేలిని జుట్టుకు తుడుచుకుని అన్నం వార్చేది. చిన్నప్పుడు కత్తిపీట తెగి ఆ బొటనవేలికి అడ్డంగా మచ్చ పడింది. ప్రతి ముద్ర నడుమా ఒక తెల్లగీత ఉండేది.

ఒక మధ్యాహ్నం తూము పక్క గట్టు జారుతుంటే మొహిద్దీన్ పార అందుకుని కూలీలతోపాటు దిగాడు. మట్టి అతని మీద పడింది. తరవాత ఏలియా పోయి పరిహారం అడగబోతే, "పట్టీలో పేరేదీ? మా మనిషే కాడు, చూట్టానికొచ్చి ఉంటాడు" అన్నాడు కంట్రాక్టరు.

నరసరావుపేటలో లేబరాఫీసరు ఆ పట్టీలే ముందు పెట్టుకుని తిరగేశాడు.

"మీ ఆయన ఈ పనిలో ఉన్నట్టు ఎక్కడా లేదమ్మా. అది తేలకపోతే నేను చేసేదేమీ లేదు."

"పట్టీ రాసిందే ఆయన సార్," అన్నాడు ఏలియా.

"కంట్రాక్టరు తన మేనల్లుడి రాత అంటున్నాడే!"

హజ్రా బీ ఒంగి పట్టీ చూసింది. అక్షరాలు రావు, తెల్లగీతలు కనిపించాయి.

"ఈ ముద్ర నాదయ్యా. ఇదీ నాదే. ఇదీ."

"అక్కా, ఊరుకో! కేసు పెడతారు," అన్నాడు ఏలియా గొంతు తగ్గించి.

"పెట్టనీ. నేను కాలవ మొహం చూసిందాన్ని కాదు. మరి ఈ కాగితాలు మా పొయ్యి కాడికి ఎవురు తెచ్చారు?"

ఆఫీసరు తెల్లకాగితం మీద ఆమె ముద్ర వేయించి పక్కపక్కన పెట్టి చూశాడు. అన్నిటి నడుమా అదే తెల్లగీత.

"తప్పు చేశావమ్మా."

"చేశా. కూలి మాత్రం వాళ్లది వాళ్లకే ముట్టింది."

"సరే. మీ ఆయనది వట్టి రాతపనేనా, చేత్తో కూడా పని చేశాడా? వట్టి గుమాస్తాకైతే ఈ పరిహారం రాదు."

మొహిద్దీన్ అయితే ఏం చెప్పేవాడో ఆమెకు తెలుసు. ఇస్త్రీ చొక్కా లేకుండా కాలువకు పోయేవాడు కాదు.

"పార పట్టాడు. మట్టిలోకి దిగాడు. కూలోళ్లతో సమానమే," అంది, గోడకు చెప్పినట్టు.

ఆఫీసరు అదంతా రాసి చదివి వినిపించాడు. కంట్రాక్టరుకు నోటీసు పంపుతానన్నాడు. 'గులాం మొహిద్దీన్, పనివాడు' అన్న చోటు ఏలియా వేలితో చూపించాడు. ఆమె తలూపింది. ఆఫీసరు సిరా డబ్బా ముందుకు జరిపాడు.

వేలు అద్ది ఆగింది హజ్రా బీ.

"ఇది ఎవురిదయ్యా?"

"ఎవరిదేమిటమ్మా? నీదే."

ముద్ర వేసింది. బంట్రోతు గుడ్డపేలిక తెచ్చేలోపే వేలు జుట్టుకు తుడిచేసుకుంది.