గుండిగకు బెజ్జం పెట్టే సాల్మే

మా దీవిలో సీసా బీరు కొనుక్కుని తాగేవాణ్ణి చూస్తే జనం జాలిపడతారు. పాపం, ఇంట్లో కాచేవాళ్ళు లేరు కాబోలు అనుకుంటారు. సారెమా దీవిలో పెళ్ళికీ చావుకీ పండక్కీ బీరు ఇంట్లోనే కాయాలి. కాచే గుండిగకు అడుగున కుళాయి ఉండాలి, కుళాయి బిగించాలంటే గుండిగకు బెజ్జం పెట్టాలి. ఆ బెజ్జం కోసం మా చుట్టుపక్కల ఏడు ఊళ్ళవాళ్ళూ నలభై ఏళ్ళుగా సాల్మే గడపే తొక్కుతున్నారు.

బెజ్జమే కదా, అదేం బ్రహ్మవిద్యా అనేవాళ్ళు తమ సొంత గుండిగ మీద ఒకసారి ప్రయత్నించి చూడాలి. స్టీలు మహా మొండిది. తొందరపడి డ్రిల్లును గిర్రున తిప్పారా, వేడెక్కి ఇంకా గట్టిపడి బిట్టును లోపలికి రానివ్వదు. పైపైన జారిపోతూ నిగనిగలాడే గుండిగ నిండా గీతలు పెడుతుంది. అందుకని నిదానంగా తిప్పాలి, బరువంతా వేసి నొక్కాలి, చుక్కచుక్కగా నూనె వదులుతుండాలి. లోపలివైపు చెక్కదిమ్మ ఆనించాలి. ముందు సన్న బెజ్జం, ఆ తర్వాత మెట్లుమెట్లుగా లావయ్యే బిట్టుతో బొటనవేలు దూరేంత బెజ్జం. చివరికి ఆకురాయితో అంచు నున్నగా తీయాలి. అడుగు నుంచి ఎంత ఎత్తున పెట్టాలంటే, సాల్మే లెక్క రెండు వేళ్ళు. మడ్డి కింద ఆగిపోతుంది, తేట కుళాయిలోంచి దిగుతుంది.

పదిహేడో ఏట, ఊళ్ళ పొలాలన్నీ కలిపి సర్కారు నడిపిన సామూహిక క్షేత్రం వర్క్‌షాపులో చేరింది సాల్మే. అక్కడున్న పదకొండుమంది మగాళ్ళూ, "ఏం పిల్లా, లేత్ మిషను మీద రొట్టెపిండి పిసుకుతావా?" అని ఆటపట్టించారు. ఏడాది తిరిగేసరికి ట్రాక్టరు బోల్టు విరిగి లోపల ఇరుక్కుపోతే దాన్ని తవ్వి తీయగలిగిన చెయ్యి ఆమెదొక్కటే అని తేలింది. ఆ తర్వాత పిండి మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రోజుల్లో స్టీలు గుండిగలెక్కడివి! పాలకేంద్రంలో క్యాన్లు లెక్కకు తక్కువ వచ్చేవి, మా ఇళ్ళల్లో బీరు కాచే క్యాన్లు ఎక్కువయ్యేవి. ఆ రెంటికీ సంబంధం ఏమిటని అడిగిన అధికారి కూడా పండక్కి వచ్చి తాగిపోయేవాడు.

క్షేత్రం ఎత్తేసినప్పుడు తలో ఆవునూ తలో బండినీ తోలుకుపోయారు. సాల్మే భర్త ఆర్వో మాత్రం పాత డ్రిల్లింగ్ మిషనును గడ్డిబండి మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఊరంతా నవ్వింది. ఆర్వో పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లల్లేరు. ఆయన పోయాక ఆ ఇంటి తలుపు తట్టేవాళ్ళంటే గుండిగలు పట్టుకొచ్చే వాళ్ళే. వచ్చినవాళ్ళు పొగబెట్టిన చేపో, బస్తాడు బంగాళాదుంపలో బల్ల మీద పెట్టి, కాఫీ తాగి, గంటసేపు లోకాభిరామాయణం మాట్లాడి వెళ్ళేవారు. సాల్మేకు ఆ గంటే కావలసింది. చేప లేకపోయినా ఆమెకు గడిచిపోతుంది, ఆ గంట లేకపోతే గడవదు.

రెండేళ్ళ కిందటి వసంతంలో ఒక పొద్దున కిటికీ చట్రం మధ్యలో వంగినట్టు కనిపించింది. చెక్క ఉబ్బిందేమో అనుకుని చేత్తో తడిమింది. తిన్నగానే ఉంది. మర్నాడు రొట్టె కత్తి వంగింది, ఆపై వారం గుండిగ తెచ్చిన వెల్లో ముక్కు వంగింది. పట్నంలో డాక్టరు చూసి, కంటి నడిమి భాగం పాడైపోతోందని, పోయినది తిరిగి రాదని, మిగిలినది కాపాడుకోవచ్చని చెప్పింది.

"మిషను పనులు మానెయ్యండమ్మా," అంది.

"సరే," అంది సాల్మే. బస్సెక్కి ఇంటికొచ్చి ఆ సాయంత్రమే ఒక గుండిగకు బెజ్జం పెట్టింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే గుండిగలు రావు, గుండిగలు రాకపోతే మనుషులు రారు. కంటితో చేసే పని వేళ్ళతో చేయడం మొదలుపెట్టింది. వేలు ఆనించి కొలిచేది, గోటితో గుర్తు పెట్టేది, ఆ గుర్తును తడుముతూ, బిట్టు జారకుండా గుంట పెట్టే పంచ్ నిలబెట్టి సుత్తితో కొట్టేది. ఒకటీ అరా కాస్త పక్కకి పోయాయని ఆమెకే అనుమానం వచ్చింది. కానీ తీసుకెళ్ళినవాళ్ళు "బ్రహ్మాండంగా ఉంది సాల్మే" అనేవాళ్ళు, మళ్ళీ ఇంకో గుండిగ తెచ్చేవాళ్ళు. ఏడాదిలో వెల్లో భార్య హెల్లే ఒక్కతే మూడు తెచ్చింది. వేళ్ళకే కళ్ళు వచ్చాయనుకుని సాల్మే ధైర్యం తెచ్చుకుంది.

మే నెలలో బావగారు ఇల్మార్ వచ్చాడు. ఆర్వోకు స్వయానా అన్న. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, వందలీటర్ల కొత్త గుండిగను చక్రాల బండి మీద తోసుకుంటూ వచ్చాడు.

"ఏవమ్మాయ్, ఉన్నావా పోయావా?"

"నేను పోతే మీ గుండిగకు బెజ్జం ఎవరు పెడతారు బావగారూ?"

"అదీ నిజమే. పాతదాని అడుగు కాలిపోయింది. ఈ ఏడు యానిపండక్కి ఊరందరికీ కాచే వంతు నాది. పన్నెండిళ్ళు తిరిగి మళ్ళీ నా వంతు వచ్చేసరికి నేను మట్టిలో ఉంటా. ఇదే ఆఖరు. జాగ్రత్తగా పెట్టు."

"ఎప్పుడైనా అజాగ్రత్తగా పెట్టానా?"

"లేదనేగా నీ దగ్గరికొచ్చింది! నీ మొహం చూడ్డానికొచ్చాననుకున్నావా?" అని పకపక నవ్వి, రేపొస్తానని వెళ్ళిపోయాడు.

సాల్మే రెండు వేళ్ళు ఆనించింది, గుర్తు పెట్టింది, పంచ్ కొట్టింది. ఎండ నేరుగా గుండిగ మీద పడి ఆ తళతళలో ఉన్న కాస్త చూపూ పోయింది. సన్న బిట్టు గుర్తులోంచి జారింది. జారిన సంగతి చేతికి తెలిసేలోపే పక్కన ఇంకో గుంట పడింది. ఆపాల్సింది. ఆపకుండా, లావు బిట్టు రెంటినీ కలిపేస్తుందిలే అనుకుని దింపింది. బెజ్జం గుండ్రంగా రాలేదు, కోడిగుడ్డులా వచ్చింది. పైగా కిందికి దిగి, అడుగు వంపు తిరిగే చోటికి పోయింది. కుళాయి బిగించి నీళ్ళు పోసింది. రబ్బరు వాషరు ఒకవైపు ఆనలేదు, నీళ్ళు ధారగా కారాయి. విప్పి బిగించింది, ఇంకో వాషరు వేసింది. కారుతూనే ఉంది.

కొత్త గుండిగ. ఆయన ఆఖరి వంతు. ఎందుకిలా అయిందని అడిగితే ఏం చెప్పాలి? సాల్మే స్నానాల గదిలోకి వెళ్ళి, కిటికీ సందులు పూడ్చడానికి నిరుడు కొన్న బంక గొట్టం తీసుకొచ్చింది. బూజు పట్టకుండా అందులో మందు కలుపుతారు. తిండి వండే గిన్నెలకు అది పనికిరాదని ఆమెకు తెలుసు. తెలిసే పూసింది. పైన నట్టు కప్పేస్తుంది, గోరంత బంకకు ఏమవుతుందిలే అనుకుంది. కారడం ఆగిపోయింది. మర్నాడు ఇల్మార్ వేలితో కుళాయి తట్టి, "ఇదీ పనంటే!" అని మురిసిపోయి తీసుకెళ్ళాడు.

జూన్‌లో పగలు బాగా పొడుగైన రోజుల్లో వచ్చే యానిపండగ నాటి సాయంత్రం మైదానంలో మంట వేశారు. పొద్దు ఇంకా నిలువెత్తున ఉంది. మా ఆచారం ప్రకారం చెక్క ముంత నిండా బీరు పోసి ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి తిప్పుతారు. ప్రతి ఒక్కరూ గుక్క తాగి మంచిమాట చెప్పి పక్కవాడికిస్తారు, కాచినవాడు అందరికన్నా చివర తాగుతాడు. బీరు బాగుంటే ముంత సగం దారిలోనే ఖాళీ అవుతుంది, మళ్ళీ నింపాలి.

వెల్లో తాగాడు. "బాగుంది," అన్నాడు. హెల్లే పెదవులు తడిపి, "బాగుంది," అంది. సాల్మే వంతు వచ్చింది. నోట్లో పోసుకోగానే కిటికీ బంక వాసన ముక్కుపుటాలు పట్టేసింది. మింగింది. "బాగుంది" అన్న మాట తన గొంతులోంచే వచ్చిందంటే ఆమెకే అసహ్యం వేసింది. నలభైమంది చేతులు మారి ముంత ఇల్మార్‌ను చేరేసరికి ఇంకా నిండుగా ఉంది. ఆ బరువు చేతికి తగలగానే ఆయన మొహం పాలిపోయింది. తాగాడు.

"నా నాలుక చచ్చిపోయింది," అన్నాడు. "కాస్తున్నప్పుడు వాసనే తెలీలేదు నాకు. అరవై ఏళ్ళుగా కాస్తున్నాను. ఊరికి ఇలాంటిది పోశాను. క్షమించండి."

సాల్మే మంటలోకి చూస్తూ నిలబడి, అందరికన్నా ముందు ఇంటికి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు ఆమె బతుకు బతుకులా లేదు. మూడో రోజున రొట్టెల బండివాడు చెప్పాడు, ఇల్మార్ ఇక కాయనంటున్నాడనీ, ఆదివారం వస్తే తొట్లూ గరిటెలూ పంచేస్తానన్నాడనీ. తన కంటి గుట్టు కాపాడుకోవడానికి ఆయన పేరు తగలబెడుతున్నానని సాల్మేకు తెలుసు. తెలిసి కూడా ఆదివారం పొద్దున దాకా కుర్చీలోంచి లేవలేకపోయింది.

ఆమె వెళ్ళేసరికి ఇల్మార్ పెరట్లో పదిమంది దాకా ఉన్నారు. వెల్లో ఓక్ చెక్క తొట్టిని బండి మీదికి ఎత్తుతున్నాడు. ఇల్మార్ అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

"బావగారూ," అంది సాల్మే. "మీ నాలుక చావలేదు. చచ్చింది నా కన్ను."

అందరూ తిరిగి చూశారు.

"రెండేళ్ళయింది నాకు సరిగ్గా కనపడక. మీ గుండిగకు బెజ్జం చెడగొట్టాను. కారుతుంటే కిటికీ బంక పూశాను. మీ బీరులో ఉన్నది ఆ కంపే. మీరు కాచినదాంట్లో ఏ లోపమూ లేదు. ఆ రోజు ముంత నా చేతిలో ఉన్నప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గులేనిదాన్ని."

ఇప్పుడు గోల పుడుతుందని కాచుకుంది. పుట్టలేదు. వెల్లో తొట్టి దించి తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. హెల్లే దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఊరుకో సాల్మే. మాకు తెలుసులే."

"ఏం తెలుసు?"

"నీకు కనపడట్లేదని. నిరుడు మా మొదటి గుండిగ కారింది. పట్నంలో వెల్డింగు పెట్టించి, పక్కన ఇంకో బెజ్జం వేయించుకున్నాం. మిగతా వాళ్ళదీ అంతే."

"మరి ఆ తర్వాత రెండు తెచ్చావు కదే!"

"పని లేకపోతే నువ్వొక్కదానివీ ఏమైపోతావోనని... అందరం అనుకున్నాం. తలా ఒకటి పట్టుకెళ్దాం, పోతే పోయింది పాత గుండిగే కదా అని."

సాల్మే చెయ్యి వెనక్కి లాక్కుంది. బ్రహ్మాండంగా ఉంది సాల్మే, బ్రహ్మాండంగా ఉంది. రెండేళ్ళుగా విన్న ఆ మాటలన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి.

ఇల్మార్ అరుగు దిగి వచ్చాడు.

"అయితే తెలీనిది నాకొక్కడికేనన్నమాట," అన్నాడు. "ఏరా వెల్లో, నేను కొత్త గుండిగ తోసుకుంటూ మీ ఇంటి ముందునించే పోయానుగా? చెయ్యి కూడా ఊపావు. నాకు చెప్పడానికి నీ నోరు పడిపోయిందా?"

"చెబితే నువ్వూరుకోవుగా మావా. తిన్నగా వెళ్ళి ఆవిణ్ణే అడిగేస్తావు."

"అడుగుతాను! మా తమ్ముడి పెళ్ళాం. కళ్ళు పోతుంటే నేనడక్క ఎవడడుగుతాడ్రా? పట్నం తీసుకెళ్ళేవాణ్ణి. పక్కన దీపం పట్టుకుని నిలబడేవాణ్ణి. మీరేం చేశారు? చచ్చిన గుండిగలు తెచ్చి ఆవిడ ముందు పెట్టి ఆటాడుకున్నారు." సాల్మే వైపు తిరిగాడు. "నువ్వు మటుకు తక్కువదానివా? పరువు తీశావు కదే నాది. పో, వెళ్ళి లోపల కూర్చో. మొహం చూస్తే తిట్టబుద్ధవుతోంది, కాఫీ పెడతా."

సాల్మే లోపలికి వెళ్ళింది. వంటింటి గోడకు ఆనించి ఆ కొత్త గుండిగ ఉంది, కుళాయి విప్పేసి ఉంది. బెజ్జం చుట్టూ వేలితో తడిమింది. వంకర టింకరగా, అంచున ఎండిన బంకతో తగిలింది. అప్పుడు ఏడ్చింది, వెక్కివెక్కి, బయటివాళ్ళు వింటారన్న సిగ్గు కూడా లేకుండా. తన కంటి సంగతి ఊరికి తెలిసినప్పటి నుంచి నిజంగా బెజ్జం కోసమే తన గడపకు వచ్చిన గుండిగ అదొక్కటే.