సీసాలో లేని పాము

నతానియేలుకు పామంటే ఎంత భయమో చెబితే ఆ కాలేజీలో ఒక్కరూ నమ్మరు. జువాలజీ ల్యాబ్‌లో అటెండరుగా చేరిన నాటి నుంచీ, అతను పట్టని పాము కృష్ణా జిల్లాలో పుట్టలేదని అక్కడ పేరు. ఫస్టియర్ పిల్లలు రాగానే అద్దాల బీరువా ముందు నిలబెట్టి, సీసా తర్వాత సీసా చూపిస్తూ కథ చెప్పడం అతని ఆనవాయితీ. కొర్రమీను, కప్ప, తొండ, పాములు, పావురం, కుందేలు వరసగా ఉంటాయి. చివర కొక్కేనికి వేలాడుతూ మనిషి అస్థిపంజరం.

"అందరిదీ ఒకటే వెన్నెముక. నీళ్ళలోంచి గట్టెక్కిన చేప కాళ్ళు మొలిపించుకుని, ఊపిరితిత్తులు తగిలించుకుని, చివరికి ప్యాంటు తొడుక్కుని ఇదిగో ఇలా ఫస్టు బెంచీలో కూచుంది" అంటాడు.

ఆ ముక్క లెక్చరర్ దగ్గర ఎత్తుకొచ్చింది. పాముల కథలు మాత్రం పూర్తిగా సొంత సరుకు. రక్తపింజరను అవనిగడ్డ పొలాల్లో తలగుడ్డతో పట్టాడట. కట్లపామైతే ఇతన్ని చూసి తనంతట తనే సీసాలో దూరి, ఇక మూత పెట్టుకోమని తోక ఆడించిందట.

నిజానికి ఆ సీసాలన్నీ అతను ఉద్యోగంలో చేరకముందే కాలేజీ వాళ్ళు కొన్నవి. ఇంట్లో బాత్రూం గోడ మీద బల్లి కనిపిస్తే, భార్య కృప వచ్చి తోలేదాకా అందులో అడుగు పెట్టడు.

బుడమేరు వాగు పొంగిన ఆ ఆదివారం బెజవాడ సింగ్‌నగర్‌లో వాళ్ళ వీధి వీధంతా ఏరైపోయింది. చర్చికని కట్టుకున్న చీరతోనే కృప మేడెక్కింది. కింది వాటాల వాళ్ళూ పిల్లాజెల్లాతో పైకి చేరారు. మేడ మీద ఉన్నది ఒక్కటే రేకుల గది. అందులో ఇంటిగలావిడ శౌరమ్మను మడత మంచం మీద పడుకోబెట్టారు. తుంటి విరిగిన దగ్గర్నుంచి ఆవిడ లేచి నడవలేదు. మిగతావాళ్ళు వానలో టార్పాలిన్ కింద ముడుచుకున్నారు.

మధ్యాహ్నానికి నతానియేలు బీరువా ప్రాణం పోసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది.

ముందు ఒక మీసాల మార్పు చేప మొప్పలకింది ముళ్ళు ఆనించి పాక్కుంటూ మెట్టు మీదికి వచ్చి, నోరు తెరిచి గాలి మింగింది. దాని వెనక కప్పలు. తర్వాత ఒళ్ళంతా తడిసిన పందికొక్కు, ఎవరిదో పిల్లి. పిట్టగోడ మీద పావురాలు ముక్కు రెక్కల్లో దాచుకున్నాయి. పందికొక్కు పక్కనే వచ్చి నక్కినా పిల్లి దాని వైపు చూడలేదు. నతానియేలు అది గమనించాడు. పిల్లికి ఆకలి గుర్తురానంత భయం ఆ నీళ్ళలో ఉందన్నమాట. బీరువా వరసలో ఇంకా రావాల్సింది ఎవరో అతనికి తెలుసు. అది రాకూడదని లోపల్లోపల వేడుకుంటూనే ఉన్నాడు.

అంతలో గదిలోంచి శౌరమ్మ పిలిచింది. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"ఒరే రత్తయ్యా, నా మంచం కింద పాముందిరా."

పక్క వాటాలో ఉండే ఆటో రత్తయ్య తలుపు సందులోంచి తొంగి చూసి వెనక్కి తగ్గాడు. నల్లగా ఉందన్నాడు, ఒంటి మీద తెల్ల కట్లున్నాయన్నాడు. జారిపోయిన జపమాల కోసం శౌరమ్మ చెయ్యి కిందికి చాచిందట. పాము ఆ జపమాలను చుట్టుకునే పడుకుందట. చెయ్యి వెనక్కి తీస్తే పాము కదులుతుంది, తీయకపోతే ఎంతసేపని అలా ఉంచగలదు? తలలన్నీ నతానియేలు వైపు తిరిగాయి.

"తమర్ని చూస్తే తోక ఆడిస్తుందటగా గురువుగారూ. మీ కాలేజీలో చదివిన మా అమ్మాయి చెప్పింది లెండి" అన్నాడు రత్తయ్య.

నతానియేలు వెళ్ళి చూశాడు. అది ఏ పామో తెలియలేదు. ఫార్మలిన్‌లో ఏళ్ళ తరబడి నానిన పాములన్నీ ఒకే రంగు, మెత్తబడిన అప్పడం రంగు. ఏది కట్లపామో, ఏది దాన్ని పోలిన విషం లేని పామో సీసా మీది చీటీ చెప్పాలి. దీనికి చీటీ లేదు. బతికున్న పాము ఇంతలా మెరుస్తుందని అతనికి తెలిసిందే ఇప్పుడు. వానలో పాముని కదపకూడదన్నాడు, ఆదివారం పట్టనని మొక్కుందన్నాడు. కృప దగ్గరికొచ్చి చెవిలో, "మీరాగండి, నేను వెళ్తా" అంది. ఆ మాటకి అతను నేల తుడిచే మాపు కర్ర తీసుకుని లోపలికి నడిచాడు.

చెప్పులు ఎప్పుడో నీళ్ళపాలయ్యాయి. ఉత్త కాళ్ళతో గది మధ్యకి వెళ్ళాడో లేదో చేతిలో కర్ర జారి పడింది. పాము తలెత్తింది. శౌరమ్మ చేతి పక్క నుంచి జరిగి, సాగుతూ సాగుతూ ఇతని వైపే వస్తోంది.

గోడ వారగా ఒక కప్ప బొమ్మలా బిగుసుకుని ఉంది. నతానియేలూ అంతే. అదేమీ ఉపాయం కాదు, కాళ్ళు అతని మాట వినడం మానేశాయి. కోట్ల ఏళ్ళ కిందట ఏ చేపకి మొదట పుట్టిందో గానీ ఆ భయం, మెడ దగ్గర బయల్దేరి ఒక్కో పూసా దిగుతూ మడమల దాకా వచ్చింది. పాము అతని పాదం మీదికి ఎక్కింది. తడిగా, బరువుగా, తొందర లేకుండా దాటింది. గోడ అడుగున నీళ్ళు పోయే తూములోకి పాకి, నీటి గొట్టం వెంట కిందికి జారిపోయింది.

చాలాసేపటికి కాళ్ళు తిరిగొచ్చాయి. శౌరమ్మను చేతుల మీద ఎత్తుకున్నాడు.

"నీ గుండె నా చెవిలో కొట్టుకుంటోందిరా అబ్బాయ్" అందావిడ మెల్లగా.

"బయట చెప్పకత్తా."

శౌరమ్మ మాట నిలబెట్టుకుంది. నిలబెట్టుకుని ఊరుకుంటే బాగుండేది. టార్పాలిన్ కిందికి చేరగానే, మనవాడు కర్ర అవతల పారేశాడంది, పాము కళ్ళల్లోకి చూశాడంది, అది వచ్చి అతని పాదానికి దణ్ణం పెట్టుకుని, చూపించిన దారిన వెళ్ళిపోయిందంది. నవ్వబోయిన రత్తయ్య నవ్వలేదు. కాలు మీదుగా వెళ్ళడం అతనూ తలుపు సందులోంచి చూశాడు. పిట్టగోడ దగ్గరికి పరిగెత్తి, పక్క మేడ వాళ్ళకి ఆ సంగతి కేకేసి చెప్పాడు.

అటు నుంచి ఒకావిడ జవాబిచ్చింది. "మా ట్యాంకు కింద రెండున్నాయండీ. పడవ వచ్చాక ఆయన్ని ముందు ఇటు పంపించండి."

పొద్దుటి నుంచీ ఆ మేడ మీద అందరిదీ ఒకటే ప్రార్థన, పడవ రావాలని. నతానియేలు కళ్ళు మూసుకుని, అది రాకూడదని ప్రార్థన మొదలుపెట్టాడు. సగంలో ఉండగానే వీధి మలుపులో మోటారు చప్పుడు వినిపించింది.