దిబ్బ మీది పెద్దావిడ ఏవిట్లండీ?

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. డెబ్భైల మొదట్లో మాట ఇది. విజయవాడలో మా క్రైస్తవ సంఘం ఆదివారపు బడిలో ఏటేటా మొదటి బహుమతి నాదే. లేఖనాల్లో ఎవరు ఎవరికి తండ్రి, ఎవరు ఏ దేశం వదిలి ఏ దేశానికి కదిలారు, ఎన్ని ఒంటెలతో కదిలారు అన్నది నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. సృష్టి దగ్గర్నుంచి మా ఇంటి దాకా వంశవృక్షం ఒకటి గీసి ఇస్తే మా అమ్మ దాన్ని పటం కట్టించి గోడకు తగిలించింది (మధ్యలో కొద్దిపాటి ఖాళీలు ఉండేవి, ఒక్కొక్కటి వెయ్యేళ్ళకు మించదు). అలాంటివాడికి చరిత్రలో బి.ఏ. అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం, ఎవరివో తెలియని కుండపెంకులకు నంబర్లు వేసి వివరాలు రాయడం. దేవుడికి హాస్యం తెలియదనేవాళ్ళు నా ఉద్యోగ చరిత్ర చూసి ఉండరు.

గన్నవరం అవతల, మెట్టా మాగాణీ కలిసేచోట, ఊరి మునసబుగారి పొలంలో ఒక దిబ్బ ఉండేది. అక్కడ కొత్తరాతియుగం మనుషులు కాపురమున్నారని, అంటే ఇనుమన్నది తెలియక, రాతి గొడ్డళ్ళను నున్నగా అరగదీసుకుంటూ, పశువుల్ని కాచుకుంటూ, చేత్తో కుండలు చేసుకుంటూ బతికినవాళ్ళు ఉన్నారని, మా మాస్టారి నమ్మకం. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పేవారు. పెంకు దొరికితే మట్టి దులిపి నాలుకకు తాకించి చూసేవారు కాబట్టి కూలివాళ్ళంతా పెంకుల మాస్టారనేవారు. ఆయన్ని తొలిచేసే ప్రశ్నలు మూడే. వీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు? తమను తాము ఎవరనుకున్నారు? వీళ్ళలో కలవాళ్ళూ లేనివాళ్ళూ అని ఉన్నారా? మూడింటికీ నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి గాని ఆయన అడిగేవారు కాదు. మూడోరోజు గుంట గోడలో ఒండ్రుమట్టి పొర ఒకటి కనబడగానే నాకు ఒళ్ళు పులకరించి, "మాస్టారూ, ఇది జలప్రళయం తాలూకు మట్టే కదండీ!" అన్నాను. ఆయన వేలితో గీకి చూసి, "బుడమేరు పొంగు అబ్బాయ్" అన్నారు. సర్వలోకాన్నీ ముంచిన నీళ్ళ కోసం నేను చూస్తుంటే, మా విజయవాడ వీధుల్లోకొచ్చే నీళ్ళే ఎదురయ్యాయి. నా తికమక ఆ రోజే మొదలైంది.

రెండోవారంలో అస్థిపంజరాలు బయటపడ్డాయి, రెండు. పైపొరలో ఒక ఆడమనిషి. మెడ దగ్గర ఎర్రరాతి పూసలు, తలవైపు నాలుగు కుండలు. పక్కనే ఇంకాస్త లోతున, కింది పొరలో ఒక మగమనిషి. ఆయన దగ్గర ఏమీ లేదు, చిన్న ముంత కూడా లేదు. మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ఆ పూసల్నే చూశారు. "ఈ రాయి మన వైపుది కాదు. పైనెక్కడో మెట్టసీమ నుంచి వచ్చింది. రాయి ఒక్కటే చేతులు మారుతూ వచ్చిందా, మనిషి పెట్టుకుని వచ్చిందా? అదీ తేలనిది" అన్నారు. మట్టి మోసే ఆడవాళ్ళకు పెద్ద ఒకావిడ ఉండేది, మేమంతా గంపల అత్త అనేవాళ్ళం. ఆవిడ గంప దించి తొంగిచూసి, "కోడలైతే మనిషీ వత్తది, మెళ్ళో రాయీ వత్తది. అందులో తేలందేవుందండీ?" అంది. మాస్టారు ఆవిడ వంక తెల్లబోయి చూసి, నా చేతిలో పుస్తకం లాక్కుని ఆ ముక్క స్వయంగా రాసుకున్నారు.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ నీడకు వెళ్ళారు. నేనొక్కణ్ణే గుంట దగ్గర మిగిలాను. లోపల ఆ పూసలావిడ అలా నోరు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తూ ఉంటే నాకు మనసొప్పలేదు. ఏ కాలంలో పోయిందో, పోయినప్పుడు ఎవరైనా నాలుగు మాటలు చెప్పారో లేదో. టోపీ తీసి, కళ్ళు మూసుకుని సమాధి ప్రార్థన మొదలుపెట్టాను. మనసులో చేసుకుని ఉంటే ఈ కథే లేదు. కాని మా సంఘంలో గొంతెత్తని ప్రార్థనను బద్ధకం కింద జమకట్టేవారు. వీధి చివరి సోడాకొట్టుకు వినపడాలి, అప్పుడే పైకి చేరినట్టు. నా గొంతు దానంతటదే లేచింది. 'ఈ సహోదరిని నీ సన్నిధిలో జ్ఞాపకం చేసుకో తండ్రీ' అని కన్నీళ్ళతో ముగించి "ఆమెన్" అన్నాను. వెనకనుంచి ఇరవై గొంతులు "ఆమెన్!" అన్నాయి. ఉలిక్కిపడి తిరిగి చూస్తే, గంపల అత్తా, ఆవిడ వెంట ఊరవతలి పేటలోని ఆడవాళ్ళంతా నెత్తిన చెంగులు కప్పుకుని, తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. ఎంగిలి చేతులతోనే వచ్చేశారు. "ఎంత బాగా చేశావు బాబూ! ఈవిడ మావోళ్ళని మాకు ముందే చెప్పొద్దూ?" అంది అత్త కళ్ళు తుడుచుకుంటూ.

నేనేం చేశానంటారా? తల వంచి మెప్పు పుచ్చుకున్నాను. మంచి ప్రార్థన చేశావని ఎవరైనా అంటే కాదనడం నాకు అప్పటికి చేతనయ్యేది కాదు. (ఇప్పుడూ అంతంతమాత్రమే.)

మూడుగంటలయ్యేసరికి మునసబుగారు గొడుగేసుకుని వచ్చేశారు. పెద్దమనిషే. మా డేరాకు తాటాకులు పంపింది, మజ్జిగ పంపింది ఆయనే. గట్టుమీదే నిలబడి, "మాస్టారూ, ఆ గుంటలో ఆవిడ ఏవిట్లండీ?" అని అడిగారు. (కులం అడగడానికి మా వైపు వాడే మర్యాద మాట అది. 'ఏమి వాళ్ళు' అన్నదాన్ని అంత మెత్తగా నలిపారు.)

"ఆవిడ కాలానికి ఏవిట్లూ లేవండీ" అన్నారు మాస్టారు.

"అలాగెలా కుదురుద్దండీ? మనిషన్నాక ఏదో ఒహటి ఉండాలిగా. మీ కుర్రాడు కూడికపెట్టి ప్రార్థన చేశాడంట. పేటోళ్ళు మా పెద్దావిడంటున్నారు. రేపు సమాధంటారు, ఎల్లుండి సిలవంటారు. నా దిబ్బ శ్మశానం అయిపోద్ది. రేపు పొద్దున్నకల్లా ఆవిడ ఏవిట్లో కాయితమ్మీద రాసి సంతకం పెట్టియ్యండి. ఎటూ తేల్చలేదా, గుంట పూడ్పించేస్తా. ఏవనుకోవద్దు."

మాస్టారు నన్నొక చూపు చూశారు. తిట్టినా బాగుండేది. ఇలాంటి దిబ్బ కోసం ఎనిమిదేళ్ళు సైకిలు మీద ఊరూరా తిరిగిన మనిషి ఆయన. అదంతా నా ఒక్క గొంతు మూలంగా మట్టిలో కలిసిపోబోతోంది. "అబ్బాయ్, ఆవిడెవరో నీకు తెలుసా?" అన్నారు. "తెలియదండీ" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట పైకి అనడం అదే మొదలనుకుంటాను, నోట్లో కొత్త చెప్పులా కరిచింది. "అయితే రేపు అందరి ముందూ ఆ మాటే చెప్పు" అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే దిబ్బ మీద రెండు గుంపులు, నడుమ గుంట. ముందు తల ఏ దిక్కున ఉందన్నదాని మీద వాదన పడింది. పడమరకు ఉంది కాబట్టి మావాళ్ళ పద్ధతి అన్నారు పేటవాళ్ళు. దక్షిణానికి ఉంది కాబట్టి మాదన్నారు ఊరివాళ్ళు. మాస్టారు దిక్సూచి పెట్టి చూస్తే ఆవిడ తల సరిగ్గా ఆ రెండింటికీ మధ్యన, నైరుతిన ఉంది. ఇక నా వంతు. లేచి నిలబడి, "నాకు తెలియదండీ. మనవాళ్ళని తెలిసి చెయ్యలేదు ప్రార్థన" అన్నాను. అత్త మొహం చిన్నబోయింది.

"తెలీకుండానే అంత ఏడిచావా బాబూ?"

"తెలిసినవాళ్ళకే చెయ్యాలని ఎక్కడా లేదు కదత్తా."

"అది సరేలే. మావోళ్ళని కాలవగట్టున పెడితే ఏడాది తిరక్కుండా కాలవే తీసుకుపోద్ది. మా అమ్మ ఎక్కడుందో నాకు తెలవదు. ఈవిడ ఈ మెరకన ఎంత సుఖంగా పడుకుందో చూడు. మావోళ్ళయితే బాగుండనుకున్నాం. అంతే."

మునసబుగారు గొడుగు మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. చివరికి, న్యాయం చెబుతున్నవాడిలా, "ఎందుకొచ్చిన గొడవ, పంచేసుకుందాం. పూసలూ కుండలూ ఉన్నావిడ కలిగినింటి మనిషి, మా తాలూకనుకుందాం. ఆ పక్కన ఏమీ లేకుండా పడుకున్నాయన మీవోడు. రాసెయ్యండి మాస్టారూ" అన్నారు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఎంతో మర్యాదగా అన్నారు. "అలాగేనండీ. మరి ఆయన కింది పొరలో ఉన్నాడు. అంటే ముందునుంచీ ఇక్కడున్నవాడు. ఆవిడ పైపొర. రాయి చూసినా, కుండల వాటం చూసినా తరవాత ఎక్కణ్ణుంచో వచ్చిన మనిషనిపిస్తోంది. ప్రమాణం చెయ్యలేను గాని అనిపిస్తోంది. అలా రాస్తే ఈ నేల మొదట పేటవాళ్ళదీ, మీ తాలూకు వాళ్ళు వలసొచ్చినవాళ్ళూ అవుతారు. రాయమంటారా?"

మునసబుగారు గుంటలోకి చూశారు, పొలం వైపు చూశారు, కరణం కోసం కాబోలు వెనక్కి చూశారు. పేటవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. "వచ్చినోళ్ళమని మేవెప్పుడన్నామండీ? మేం ఇక్కడోళ్ళమేగా, తాతల్నించీ!" అన్నారాయన.

"మేవూ అంతేనండయ్యా" అంది అత్త.

"అందుకని" అన్నారు మునసబుగారు గొంతు సవరించుకుని, "కుర్రాడు చెప్పిందే సబబుగా ఉంది. తెలియదనే రాయండి. ఇద్దరికీ అదే రాయండి."

అలా నా జీవితంలో మొదటిసారి, 'ఎవరైనదీ తెలియదు' అని స్పష్టమైన దస్తూరీతో రాసి, ఊరి పెద్ద సంతకం కింద నా సంతకం చేశాను. గుంట మిగిలింది, తవ్వకం సాగింది. కాలవగట్టు సంగతి మాత్రం ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. అత్త గంప నెత్తికెత్తుకుంది.

నాలుగురోజుల తరవాత గుంటలోని పెద్దావిడ ఎముకల్ని సబ్బుల చెక్కపెట్టెలో సర్ది, విజయవాడలో కాలేజీకి చేర్చమని మాస్టారు నన్ను పంపారు. దూది చాలకపోతే అత్త తన పాతచీర తెచ్చి పెట్టెలో చుట్టూ కుక్కింది. "ఎవరైతే ఏవుంది, దూరాభారం పోతంది" అంది. బస్సెక్కాను. కండక్టరు పెట్టె చూసి "ఏవుందండీ లోపల?" అన్నాడు. నాలుగు రోజులుగా ఒకటే జవాబు అలవాటైన నోరు కదా, "తెలియదండీ" అంది. "మీ పెట్టెలో ఏవుందో మీకే తెలీదా? ఆపవయ్యా డ్రైవరూ!" అని నన్నూ పెట్టెనూ దారిలో దించేశాడు. ఎండలో ఇద్దరం గంటసేపు రోడ్డు పక్కన కూర్చున్నాం. తరవాతి బస్సు కండక్టరు అదే ప్రశ్న అడిగితే, ఎలా వచ్చిందో ఏమో, "మా పెద్దమ్మండీ" అనేశాను. "పెద్దమ్మగారి సామానా? ఆవిడ ముందు తలుపులోంచి ఎక్కేశారా?" అని నా జవాబు కోసం చూడకుండా రెండు టిక్కెట్లు చింపి చేతిలో పెట్టాడు. ఆవిడ టిక్కెట్టు మీదే విజయవాడ చేరింది.

నాకిప్పుడు డెబ్భై దాటాయి. ప్రార్థనకు మోకాళ్ళు వంచడమే పెద్ద పని అయింది. అయినా వంచినప్పుడు ఎప్పుడైనా ఆ బస్సులో ఆడిన అబద్ధం గుర్తొచ్చి, క్షమించమని అడగబోతాను. ఇంతకీ అది అబద్ధమేనా అన్న అనుమానం వెంటనే పట్టుకుంటుంది. పెద్దమ్మ కాదని నేనెలా చెప్పగలను? సగంలో మాట ఆగిపోయి, పెట్టె పక్కన ఎండలో చెమటలు కక్కుతూ కూర్చున్న ఆ కుర్ర సర్వజ్ఞుడు కళ్ళముందు మెదులుతాడు. నవ్వొచ్చేస్తుంది. పక్కనే మోకరించిన మా ఆవిడ ఒక కన్ను తెరిచి, "మళ్ళీ ఏవిటండీ ఆ నవ్వు? ఆయన వింటున్నాడు, కానివ్వండి" అంటుంది. ఎక్కడిదాకా వచ్చానో మరిచిపోయి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను, కాస్త గొంతు తగ్గించి.